కాయ కొట్టకముందు

దూరపు బోట్ల మీద పనిచేసి ఇంటికొచ్చిన మగవాడు గంగమ్మకు కాయ కొట్టేదాకా చెడ్డకబురు నోట పలకకూడదు. శ్రీకాకుళం తీరాన, తాయారు కాపరానికొచ్చిన ఊళ్లో అది కట్టుబాటు. బోటు మీద తోటివాడు పోయినా, యజమాని జీతం ఎగ్గొట్టినా, ఒంట్లో రోగమున్నా, కాయ పగిలేదాకా నవ్వుమొహంతోనే తిరగాలి. కాయ కొట్టేది మంగళవారం నాడే. బుధవారం దిగినవాడు ఇంచుమించు వారమంతా నోరు కట్టుకోవాల్సిందే. ఆడవాళ్లూ అడగరు. మొగుడి మొహం చూసి ఏదో ఉందని తెలిసినా, కూర వడ్డించి, పిల్లల కబుర్లు చెప్పి, మంగళవారం కోసం కాచుకుంటారు.

రెండు వేల పద్దెనిమిది ఎండాకాలంలో లక్ష్ముడు గుజరాతు నుంచి, వేరావల్ రేవు నుంచి, ఆదివారం సాయంత్రం దిగాడు. వెళ్లినప్పుడు భుజాలకు బిగుతైన చొక్కా ఇప్పుడు కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. తల్లి దేముడమ్మ గుమ్మంలో దిష్టి తీసి, అక్కడి తిండి మీద, యజమాని మీద దుమ్మెత్తిపోసి, కొడుకును లోపలికి రానిచ్చింది. ఎనిమిది నెలల తర్వాత కలిసిన మొగుడూపెళ్లాలని, రాత్రి మనవరాలు గౌరిని తన పక్కనే పడుకోబెట్టుకుంది.

ఆ రాత్రి తాయారు మొగుడి పక్కన పడుకుంది. అతను ఏదో చెప్పబోయి ఆగాడు. మళ్లీ చెప్పబోయి ఆగాడు. మంగళవారం చెబుతాడులే అనుకుందామె. సోమవారం రాత్రి మాత్రం ఉక్కగా ఉందని మంచం తీసుకెళ్లి వాకిట్లో వేసుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే కాయ కొట్టాడు. ఎండ బాగా ముదిరాక తాయారు ఇసుక దిబ్బ మీద, పాత వల పరచి ఎండబెట్టిన నెత్తళ్ల చేపలను తిరగేస్తోంది. చుట్టుపక్కల ఎవరూ లేరు. లక్ష్ముడు వచ్చి వల అంచున గొంతుక్కూర్చుని, ఇసుకలోకి చూస్తూ చెప్పాడు. నెల కిందట జ్వరం ఎంతకీ విడవకపోతే యజమాని మనిషి గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్లాడట. రక్తం తీసి, హెచ్‌ఐవీ ఉందన్నారట. మాత్రలిచ్చారు, వేసుకుంటున్నాడు. రేవులో తప్పు తిరుగుడు తిరిగానని కూడా చెప్పాడు. అదొక్కటీ చాలా మెల్లగా చెప్పాడు.

తాయారు చేతిలోని నెత్తళ్లు చేతిలోనే ఉండిపోయాయి.

"ఆదివారం రాత్రి నీకు తెల్సా?"

"తెల్సు."

"తెల్సే నా పక్కన పడుకున్నావా?"

"సెప్దుమనే అనుకున్నాను తాయారూ. అప్పటికింకా కాయ కొట్టనేదు గదా."

ఆ మాటను అతను నిజంగానే జవాబనుకుని అన్నాడు. తాయారుకు చేతిలోవి అతని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఆ వరస చివరిదాకా నెత్తళ్లను తిరగేసింది. చేతులు పనిలో ఉంటేనే ఆమెకు ఆలోచన సాగుతుంది. మిగతా కోపాన్ని తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆదివారం రాత్రి సంగతి చూడాలి అనుకుంది.

ఆమెకొక మీటింగు గుర్తొచ్చింది. కిందటేడు మగవాళ్లు వలస వెళ్లే ముందు, శ్రీకాకుళం పెద్దాసుపత్రి నుంచి షాలిని అనే కౌన్సిలరు వచ్చి రేవు షెడ్డులో ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. నిరోధ్ మాట ఎత్తగానే ఆడవాళ్లు ఒకర్నొకరు గిల్లుకుని నవ్వారు. సుభద్రమ్మయితే, మొగుళ్లను అక్కడికి పంపి మాటలు ఇక్కడ మాకు చెబుతావేమని ఆ పిల్లను ఏడిపించింది. తాయారు ఓ మూల రొయ్యలు ఏరుకుంటూ విన్నది. రోగమున్న మనిషితో కలిసినట్టు తెలిస్తే ఊరికే ఏడుస్తూ కూర్చోవద్దని, మూడు రోజుల్లోపల వస్తే రోగం అంటకుండా ఆపే మందుందని, ఆ తర్వాత ఆ మందు పనికిరాదని షాలిని చెప్పింది. మిగతాదంతా నవ్వుల్లో పోయింది కానీ ఈ ఒక్క సంగతి తాయారు చెవిలో నిలబడిపోయింది.

ఆదివారం రాత్రికి మూడు రోజులంటే బుధవారం రాత్రి. ఇప్పుడు బయల్దేరితే ఆటో పట్టుకుని రోడ్డుకెళ్లి, బస్సెక్కి, శ్రీకాకుళం చేరేసరికి చీట్లు రాసే కిటికీ మూసేస్తారు. రేపు మొదటి ఆటోకే వెళ్లాలి.

లక్ష్ముడికి చెబితే అతను సంచిలోంచి మాత్రల డబ్బా తెచ్చి చూపించాడు. ఆసుపత్రి దాకా ఎందుకు, అక్కడ మనూరి వాళ్లెవరైనా కనిపిస్తే పరువుండదు, మందు ఇదే కదా, ఇందులోవి నువ్వూ వేసుకో అన్నాడు. ఆ ఇళ్లలో అది వింతేం కాదు. జ్వరం మాత్రయినా, కడుపునొప్పి మందైనా ఒకరికిచ్చింది ఇంటిల్లిపాదీ మింగుతారు. తాయారు డబ్బాను ఆడించి చూసింది.

"నాను మింగితే నీకేటి మిగుల్తాది? అయినా ఇది నాకు సరిపోయే మందో కాదో నీకేటి తెల్సు? డబ్బా తీసుకుని నువ్వూ నాతో రా. డాక్టరికి సూపెట్టాల."

అతను రానన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే, ఉతికిన చొక్కా తెచ్చి అతని మంచం మీద పెట్టింది. అతను లేచి దాన్ని తొడుక్కున్నాడు.

అడ్డం దేముడమ్మ దగ్గర వచ్చింది. కాయ కొట్టిన మర్నాడు ఇంట్లో కోడి కోసి, బోటు దిగిన మనిషి చేత్తో చుట్టాలకు వడ్డించాలి. అప్పటికే రెండు వీధులకు పిలుపులు వెళ్లాయి. వీళ్లిద్దరూ ఊరు దాటుతున్నారని తెలిసి ఆవిడ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"సుట్టాలొస్తే ఏటి సెప్పాల? కోడిని నానే కోసి, నానే వొండి, నానే తినీయాలా?"

"మావకి వొంట్లో బాగునేదత్తా. ఆస్పత్రికి తీసుకెళ్తన్నాను."

"ఆడికేటైనాది? నాల్రోజులు కూడు తింటే ఆడే లెగుస్తాడు."

"నీ కొడుకు సొక్కా సూడత్తా," అంది తాయారు. "సుట్టాలకి నువ్వే ఒడ్డించు. తిరిగొచ్చి నాను మాటలు పడతాను."

దేముడమ్మ కొడుకు భుజాల వంక చూసింది. గుమ్మంలోంచి పూర్తిగా లేవలేదు కానీ ఒక పక్కకు ఒదిగింది. ఆ సందులోంచి ఇద్దరూ బయటపడ్డారు. తాయారు ఎప్పటిలా తలమీద ఎండుచేపల గంప పెట్టుకుంది. గంప లేకుండా ఆటో ఎక్కితే ఎక్కడికని ప్రతివాళ్లూ అడుగుతారు. గంప ఉంటే అడగరు.

పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సిలింగు గది వెనకవైపు ఎక్కడో ఉంది. దారి అడగడానికి లక్ష్ముడికి నోరు రాలేదు. తాయారే అడిగింది, మెల్లగానే అయినా గది పేరు పూర్తిగా పలికి అడిగింది. గంపను చూసి వాచ్‌మన్ లోపలికి వీల్లేదంటే, గోడవార దించి, దాని మీద తన తువ్వాలు కప్పింది.

షాలిని ఆమెను గుర్తుపట్టలేదు. తాయారు రేవు షెడ్డు సంగతి, సుభద్రమ్మ మాట చెప్పాక నవ్వి, కుర్చీ జరిపింది. జరిగిందంతా విన్నాక మాత్రం ఆ నవ్వు పోయింది. ఆదివారం ఎన్ని గంటలకి, నిరోధ్ వాడారా, ఆ తర్వాత మళ్లీ కలిశారా అని ఒక్కొక్కటే అడిగింది. ఈ అడ్డుమందు ఎక్కువగా సూది గుచ్చుకున్న ఆసుపత్రి వాళ్లకి, బలవంతం జరిగిన ఆడపిల్లలకి ఇస్తుంటామని, తాయారుకు ఇవ్వాలో లేదో డాక్టరు గారు చూసి చెప్పాలని అంది.

"నాకు తెలవకుండా జరిగినాది," అంది తాయారు. "తెల్సుంటే నాను ఒప్పును. అది డాక్టరికి సెప్పమ్మా."

పక్కన కూర్చున్న లక్ష్ముడు తల వంచుకున్నాడు. ఆమె అతని వైపు చూడకుండానే అంది ఆ మాట.

డాక్టరు జుట్టు నెరిసినాయన. మాటలు తక్కువ. లక్ష్ముడి డబ్బా తిప్పి చూసి, వేసుకోవడం మొదలెట్టి ఎన్నాళ్లయిందో అడిగాడు. నెల దాటలేదని విని, ఒంట్లో పురుగు అణగడానికి అది చాలదన్నాడు. తాయారుకు రక్తపరీక్ష చేయించాడు. కాయితం వచ్చేదాకా ఆమె బల్ల మీద కూర్చుని ఎదురుగోడకున్న గడియారం ముల్లును చూసింది. అది కదులుతుంటే చూడటం ఆమెకు అదే మొదటిసారి. ఊళ్లో పొద్దుకు నీడే లెక్క.

కాయితం వచ్చింది. ఇప్పటికైతే ఆమె రక్తంలో ఏమీ లేదు. డాక్టరు ఆమెను కూర్చోమన్నాడు.

"మొగుడి నుంచి రోగం అంటినవాళ్లు మా దగ్గరికి మూడు రోజుల్లో రారమ్మా. మూడేళ్లకొస్తారు. నువ్వు వేళకొచ్చావు, ఇస్తాను. కానీ ముందే వినుకో. ఇది ఖాయంగా ఆపుతుందని నేను మాటివ్వలేను. చాలావరకు ఆపుతుంది. ఇరవై ఎనిమిది రోజులు, ఒక్కరోజు కూడా మానకూడదు. కళ్లు తిరుగుతాయి, వాంతులు రావచ్చు, పిచ్చి కలలొస్తాయి. సగంలో ఆపేసేలా ఉంటే ఇప్పుడే చెప్పు. బయట కూర్చుని ఆలోచించుకుని రా. మరీ ఎక్కువసేపు ఆలోచించకు."

వరండాలో బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎవరిదో పసిపిల్ల నేలమీద పాకుతూ వచ్చి తాయారు కాలి మట్టెలు పట్టుకుని లాగుతోంది. లక్ష్ముడు ఆమె దగ్గరికి జరిగి అన్నాడు.

"ఇద్దరికీ ఒకటే జబ్బయితే ఇద్దరం ఒకటే మందు మింగి బతికీయొచ్చు గదా. ఈ నెల్లాళ్ల అవస్త నీకెందుకు తాయారూ?"

అందులో చెడ్డబుద్ధి లేదని ఆమెకు తెలుసు. ఒంటరిగా ఉండలేక అంటున్నాడు. ఎనిమిది నెలలుగా నీళ్ల మీద ఒంటరిగా ఉన్నాడు, నెలరోజులుగా రోగంతో ఒంటరిగా ఉన్నాడు. అతని మీద జాలి పుట్టింది. ఆ జాలి తనను ఎటు లాగుతోందో కూడా ఆమెకు తెలిసింది. ఆ జబ్బులో అతని పక్కన చేరి కూర్చోవడం ఆమెకు చాతనవును. ఎవరూ తప్పు పట్టరు. మొగుడితో పాటు ఉందని మెచ్చుకుంటారు కూడా.

రేవులో వేలం పాడేటప్పుడు తాయారుకొక అలవాటుంది. చేప దిగగానే తక్కిన ఆడవాళ్లు ధర మీద అరుచుకుంటుంటే, ఆమె ముందు తన బుట్టలోని ఐసు తీసి చేప మీద పోసేస్తుంది. బేరం కుదరకపోతే ఆ ఐసు వేరేవాళ్లకు పోతుంది. అందుకే అందరూ ఆమెను చూసి నవ్వుతారు, ఎవరి చేపకో నీ ఐసేంటే అంటారు. కానీ ఎండలో పడివున్న చేప ఎవరి బేరం కోసమూ ఆగదు. మెత్తబడ్డాక ఎంత ఐసు పోసినా అది మళ్లీ గట్టిపడదు. దక్కుతుందని తెలిసి పోసేది కాదు ఐసు. దక్కితే చేప బాగుండాలని పోసేది.

ఆమె పసిపిల్ల వేళ్లు మెల్లగా విడిపించి, మొగుడి వైపు తిరిగింది.

"నీ మందు నువ్వు బతికినన్నాళ్లూ మింగాల. నాది నెల్లాళ్లు. నెలతో పోయీదాన్ని బతుకంతా నెత్తినెట్టుకోమంటావేటి?" తర్వాత కొంచెం మెత్తగా అంది. "నువ్వు పడిపోతే లేపడానికి ఒకరు నిల్చోవాల గదా మావా. ఇద్దరం పడుకుంటే గౌరి ఎవుల్ని లేపుతాది?"

లోపలికెళ్లి, ఇయ్యండి బాబూ అంది. మొదటి మాత్ర అక్కడే, షాలిని ఇచ్చిన నీళ్లతో మింగింది. వెనక్కి వచ్చేసరికి తువ్వాలు కింద గంప అలాగే ఉంది. దారిలో బస్సు కిటికీకి తల ఆనించుకుంటే పొలాలు, తాటిచెట్లు నాటుపడవలోంచి చూసినట్టు పైకీ కిందకీ ఊగాయి. లక్ష్ముడు గంపను తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మగవాడు చేపల గంప పట్టుకోవడం చూసి ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. అతను దించలేదు.

మందు డాక్టరు చెప్పినట్టే చేసింది. పొద్దున్నే లేస్తే గోడ పట్టుకోవాలి. చేపల వాసన పుట్టినప్పటి నుంచి పీల్చిన ముక్కుకు ఇప్పుడు అదే వాసన తగిలితే కడుపులో తిప్పేది. నిద్రలో గౌరి పేరు పిలుస్తూ లేచేది. డబ్బాను బియ్యం డ్రమ్ములో దాచి, దీపాలు పెట్టే వేళకు ఒకటి తీసి మింగేది. ఏ రోజూ మానలేదు. ఒకసారి మింగిన కాసేపటికే వాంతయితే, షాలినికి ఫోను చేసి అడిగి, ఇంకోటి మింగింది.

వాంతులు దేముడమ్మ కంటపడ్డాయి. ఆవిడ ఏమీ అడగకుండా తనకు తానే ఒక నిర్ణయానికొచ్చి, మనవడు వస్తున్నాడని వీధంతా చెప్పేసింది. సుభద్రమ్మ కొంగులో పచ్చి మావిడికాయలు కట్టుకొచ్చి, తాయారు ముందు గుమ్మరించి, వాకిట్లో వల బాగుచేసుకుంటున్న లక్ష్ముణ్ణి పట్టుకుంది.

"ఒరే లక్ష్ముడూ, దిగి పదిరోజులైనా కానేదు, అప్పుడే గాలం ఏసీసినావేట్రా? మా ఆయన ముప్పై ఏళ్లకి ఒక్క పీతని పట్టనేదు."

వాకిట్లో ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. లక్ష్ముడు వల వదిలేసి రేవు వైపు వెళ్లిపోయాడు. సిగ్గని మళ్లీ నవ్వారు. దేముడమ్మ మొహం వెలిగిపోతోంది. ఆ వెలుగు చూసి తాయారుకు బాధ పుట్టింది. ఈ అబద్ధం తను చెప్పింది కాదు. కానీ ఊరుకున్న కొద్దీ అది తనదైపోతుంది. ఊరుకోవడం వల్లే కదా ఇక్కడిదాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నమే అత్తను ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్లింది. కవ్వళ్ల చేపలకు ఉప్పు పట్టిస్తూ చెప్పింది. కొడుకు జబ్బు, తను మింగే మందు, కడుపు కాకపోవడం అన్నీ చెప్పింది. దేముడమ్మ చేతిలో ఉప్పు వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. మొదట కోడలి మీదే లేచింది. పుట్టింటి వాళ్లెవరో చేతబడి చేశారంది, డాక్టర్లు అబద్ధాలాడతారంది. తాయారు ఎదురు చెప్పలేదు. ఉప్పు పట్టించుకుంటూ పోయింది. ఆ సాయంత్రం దేముడమ్మ కొడుకు కంచం వేరే తీసి, గోడవతల బోర్లించింది.

తాయారు చూసింది. వెళ్లి ఆ కంచం తెచ్చి, కడిగి, లక్ష్ముడికి వడ్డించింది. అతను తినగా మిగిలిన అన్నంలో పులుసు పోసుకుని, అత్త చూస్తుండగా, అదే కంచంలో తాను తిన్నది.

"కంచంతో రాదత్తా ఇది. నోరు మూసుకుంటే వస్తాది."

దేముడమ్మ లేచి బయటికెళ్లిపోయింది. వాకిట్లో చీకటి పడేదాకా కూర్చుంది. తిరిగొచ్చాక తాయారు పక్కన చతికిలబడి, ఎటో చూస్తూ అడిగింది.

"కట్టుబాటు నేకపోతే కాయ కొట్టకముందే సెప్పీవోడేటి ఆడు?"

తాయారు అబద్ధం చెప్పలేదు. చెప్పేవాడేనేమో, రెండుసార్లు నోరు తెరిచాడంది. దేముడమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇక ఆ మాట ఎత్తలేదు. కానీ మర్నాటి నుంచి దీపం పెట్టగానే, తను పొయ్యి దగ్గరున్నా, పక్కింట్లో ఉన్నా, ఆవిడ గొంతు వినిపించేది. "ఒసే, ఏసుకున్నావా?" వేసుకున్నానత్తా అనేదాకా ఊరుకునేది కాదు. మావిడికాయలు ఆవిడే పచ్చడి పట్టింది. కడుపు కాదట, పైత్యమట అని సుభద్రమ్మకు ఆవిడే చెప్పుకుంది.

తాయారు మాత్రలు అయిపోయాయి. లక్ష్ముడు మళ్లీ గుజరాతు వెళ్లలేదు. తన మందును శ్రీకాకుళానికి మార్పించుకుని, ఊరి పడవల మీదే వేటకు వెళ్తున్నాడు. మనిషి కొంచెం కండపట్టాడు. అయినా తాయారు అతనికి వేరే చాప వేసింది. పరీక్షలన్నీ తేలాక చూద్దామంది. తేలాక కూడా నిరోధ్ ఉండాల్సిందేనంది. అతను సరేనన్నాడు. కొన్ని రోజులు ఆమెకు అతని మీద కోపం అలాగే ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. కోపం ఉన్నరోజు ఉందని చెప్పేది.

మొదటి పరీక్షలో ఏమీ లేదన్నారు. దాన్ని బట్టి తేల్చలేమని, మూడో నెల దాటాక ఇంకోసారి రమ్మన్నారు. వానలు పట్టుకున్న రోజుల్లో ఇద్దరూ వెళ్లారు. ఈసారి గది దారి లక్ష్ముడే చూపించాడు. లోపలికి మాత్రం తాయారు ఒక్కతే వెళ్లింది.

బయటికొచ్చేసరికి అతను అదే బల్ల మీద, తడిసిన గొడుగు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు. నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు. కళ్లు మాత్రం ఆమె చేతిలోని కాయితం మీదున్నాయి. అలా చూస్తూ నిలబడటం అతనికి అలవాటే. ఎదుటివాళ్లే చెప్పేదాకా, మంచిరోజు వచ్చేదాకా ఆగడం చిన్నప్పటినుంచీ నేర్చుకున్నదే.

తాయారు కాయితాన్ని మడిచి జాకెట్టులో దోపుకుంది. ఆమెకు చెప్పేయాలనే ఉంది. అయినా ఆగింది.

"అడుగు మావా," అంది. "నోరిప్పి అడుగు."

వరండాలో జనం ఉన్నారు. పక్క బల్ల మీద ఒక ముసలాయన తల తిప్పి చూస్తున్నాడు. లక్ష్ముడు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేలాగే అడిగాడు.

"నీకు ఆ జబ్బు వొచ్చినాదా తాయారూ?"

"రానేదు," అంది తాయారు.

అతను బల్ల మీద కూలబడ్డాడు. ఆమె గోడవార దించిన గంప దగ్గరికెళ్లి, తువ్వాలు దులిపి చుట్ట చుట్టుకుని తలమీద పెట్టుకుంది. బజారు ఇంకా ఉంటుంది, వాన తెరిపిస్తే ఎండుచేప బాగానే అమ్ముడవుతుంది. ఒక చేయి పట్టి గంప లేపమని మొగుణ్ణి పిలిచింది.